పొట్టుతో నికెల్ పోతుందా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేరుశనగ పొట్టు, ఊక, చెట్ల బెరడు లాంటివి ఫ్యాక్టరీ నీళ్లలోని లోహాలను పట్టుకుంటాయని గత సంచికలో నాలుగు ముక్కలు రాశాం. దాని మీద విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్లేటింగ్ (లోహపు పూత వేసే) షాపుల వాళ్లవి, కొన్ని విద్యార్థులవి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో చిన్న నికెల్ ప్లేటింగ్ షాపు. రోజుకు వెయ్యి లీటర్ల దాకా కడుగు నీళ్లు వస్తాయి. వాటిలో నికెల్ లీటరుకు 150 మిల్లీగ్రాములని ల్యాబ్ రిపోర్టు. ఇప్పుడు సున్నం వేసి మడ్డి దించుతున్నాం. ఆ మడ్డితో పడలేకపోతున్నాం. సున్నం మానేసి నేరుగా పొట్టు వేస్తే సరిపోతుందా? (విజయవాడ)

జవాబు: సరిపోదండీ. లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. వెయ్యి లీటర్లలో లీటరుకు 150 మిల్లీగ్రాములంటే రోజుకు 150 గ్రాముల నికెల్. కాస్టిక్ సోడాతో శుద్ధి చేసిన పొట్టు గ్రాముకు 15, 20 మిల్లీగ్రాములు పట్టిందని పరిశోధన పత్రాల్లో చదివి ఉంటారు. అవి డిస్టిల్డ్ వాటర్‌లో చేసిన పరీక్షలు. కాల్షియం, మెగ్నీషియం నిండా ఉన్న మన బోరు నీళ్లతో కడిగిన నీటిలో గ్రాముకు 5 మిల్లీగ్రాములు పడితే గొప్ప. అంటే కిలో పొట్టుకు 5 గ్రాముల నికెల్. మీ 150 గ్రాములకు రోజుకు 30 కిలోల పొట్టు కావాలి. నెలకు 26 రోజులు పని చేస్తే 780 కిలోలు. తడిసిన తర్వాత దాని బరువు రెండు మూడు రెట్లవుతుంది, పైగా అదంతా ప్రమాదకర వ్యర్థమే. అదే 150 గ్రాముల నికెల్ సున్నంతో దిగితే పొడిలెక్కన దాదాపు 240 గ్రాముల నికెల్ హైడ్రాక్సైడ్. సున్నం చెత్త, తడి అన్నీ కలిపినా రోజుకు కొద్ది కిలోల మడ్డి. మడ్డి గొడవ తప్పించుకోబోయి దానికి పదింతల గొడవ తెచ్చుకుంటారు.

పొట్టు పని సున్నం తర్వాత మొదలవుతుంది. సున్నంతో పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణపు కొలతను) 10కి తెచ్చి మడ్డిని బాగా దించితే నికెల్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్యకు వస్తుంది. కాలువల్లోకి వదిలే నీటికి నికెల్ పరిమితి 3 మిల్లీగ్రాములు. అంటే ఒకరోజు లోపల, ఒకరోజు బయట. ఆ అంచు మీద నుంచి కిందికి దించడానికే పొట్టు. వెయ్యి లీటర్లలో 3 గ్రాముల నికెల్ మిగిలిందనుకోండి. నీళ్లలో లోహం పలచబడ్డకొద్దీ పొట్టు పట్టే మోతాదు కూడా తగ్గుతుంది కనుక గ్రాముకు 2 మిల్లీగ్రాములే లెక్కేసుకోండి. అప్పుడు రోజుకు కిలోన్నర పొట్టు చాలు.

దానికన్నా ముందు ఖర్చు లేని పని ఒకటుంది. ర్యాక్‌ను (వస్తువులు తగిలించే చట్రాన్ని) బాత్ (పూత ద్రావణం తొట్టి) నుంచి లేపగానే కడుగు తొట్టిలో ముంచకుండా పదిహేను ఇరవై సెకన్లు బాత్ మీదే పట్టుకుని కారనివ్వండి. పక్కనే కదలని నీళ్ల తొట్టి ఒకటి పెట్టి మొదటి కడుగు అందులో కానివ్వండి. బాత్‌లో ఆవిరై తగ్గిన నీటిని ఆ తొట్టి నీళ్లతోనే భర్తీ చేయండి. 150 మిల్లీగ్రాములు అక్కడే సగానికి పడిపోవచ్చు. డబ్బు పెట్టి కొన్న నికెల్ కాలువలో పోకుండా మీకే మిగులుతుంది.

ప్రశ్న: పొట్టును ఎలా తయారు చేయాలి, ఏ సైజు పైపులో నింపాలి, నీళ్లు ఎంత వేగంతో పంపాలి? ఇంటర్నెట్‌లో చూస్తే ఎవరి లెక్క వాళ్లదే. (కొండపల్లి పారిశ్రామికవాడ, ఇదే అడిగినవాళ్లు మరో నలుగురు)

జవాబు: పైన చెప్పిన వెయ్యి లీటర్ల షాపునే లెక్కలోకి తీసుకుందాం.

ఒక్కో పైపుకు పొట్టు పదిహేను కిలోలు తీసుకోండి, మట్టి పోయేలా కడిగి రెండు రోజులు ఎండబెట్టండి. పల్వరైజర్‌లో ఆడించి రెండు జల్లెళ్లతో జల్లించండి. ఒక మిల్లీమీటరు జల్లెడలో దిగి, అర మిల్లీమీటరు జల్లెడ మీద నిలిచిందే మనకు కావాలి. దుకాణంలో అడిగేటప్పుడు బీఎస్ఎస్ (బ్రిటిష్ ప్రమాణపు జల్లెడ) 16, 30 నంబర్లనండి. మెత్తటి పిండి ఎక్కువ లోహం పడుతుందని దాన్ని కూడా కలిపేవాళ్లున్నారు. పట్టే మాట నిజమే, కానీ పైపులో అది రెండో రోజుకే ముద్దకట్టి నీళ్లను ఆపేస్తుంది.

జల్లించిన పది కిలోలకు వంద లీటర్ల నీళ్లు, 400 గ్రాముల కాస్టిక్ సోడా. కాస్టిక్‌ను నీళ్లలోకి కొంచెం కొంచెంగా వేయాలి, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మూడు గంటలు అప్పుడప్పుడు కలుపుతూ ఉంచండి. నీళ్లు కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. పొట్టులోని టానిన్లు అనే వగరు పదార్థాలు, లిగ్నిన్ అనే కట్టె పదార్థం ముక్కలు బయటికొస్తున్నాయన్నమాట. అక్కడే పని జరుగుతోంది: పొట్టు మీద ఈస్టర్ రూపంలో మూసుకుపోయి ఉన్న రసాయన గుంపులు కాస్టిక్ తగిలి కార్బాక్సిలేట్లుగా (ఋణావేశం ఉన్న గుంపులుగా) తెరుచుకుంటాయి. లోహాన్ని పట్టేది అవే. ఆ నల్లనీళ్లను వంచేసి, కడిగిన నీళ్ల పీహెచ్ 7, 8 మధ్యకు వచ్చేదాకా కడగండి. ఐదారుసార్లు పట్టొచ్చు. వంచిన నల్లనీళ్లకు సీఓడీ (నీటిలోని సేంద్రియ మలినాల కొలత) బాగా ఎక్కువ, వాటిని మురుగులో పోయకుండా మీ ట్రీట్‌మెంట్ తొట్టిలోకే పంపండి. ఈ కడుగు దగ్గర బద్ధకిస్తే మొదటి వారమంతా కాలమ్ (పొట్టు నింపిన పైపు) నుంచి లేత టీ రంగు నీళ్లు వస్తాయి. నికెల్ తగ్గి సీఓడీ పెరిగిన రిపోర్టు చేతికొస్తుంది.

కాలమ్‌కు 200 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రెండు మీటర్ల పొడవున, రెండు ముక్కలు. అడుగున 10 సెంటీమీటర్ల గులకరాయి, దాని మీద నైలాన్ మెష్, ఆ పైన మీటరున్నర ఎత్తు పొట్టు. అది సుమారు 45 లీటర్ల ఘనపరిమాణం, పొడి బరువు తొమ్మిది కిలోల చిల్లర. మీ పొట్టును ఒక లీటరు కొలిచి తూచి సరిచూసుకోండి. పైన మళ్లీ మెష్. ఆ పైన మిగిలిన జాగా ఖాళీగా ఉంచాలి, ఎందుకంటే పొట్టు ఉబ్బుతుంది. పొడి పొట్టును పైపులో పోసి తర్వాత నీళ్లు వదలడం అందరూ చేసే పొరపాటు. లోపల గాలి బుడగలు ఇరుక్కుని, నీళ్లు ఒక పక్క నుంచే దారి చేసుకుని పోతాయి. మిగతా పొట్టంతా అలంకారానికి ఉన్నట్టే. ముందు రాత్రి నానబెట్టి, పైపులో సగం నీళ్లు ఉంచి, నానిన పొట్టును ఆ నీళ్లలోకే ఒంపుతూ నింపాలి.

నీళ్లు పై నుంచి కిందికి. బయటికొచ్చే గొట్టాన్ని మాత్రం పొట్టు పైమట్టం కన్నా ఎత్తుకు లేపి వంచండి. పంపు ఆగినా కాలమ్ ఎండిపోదు. వేగం గంటకు 180 లీటర్లు, అంటే నిమిషానికి మూడు లీటర్లు. నీళ్లకు పొట్టుతో పావుగంట సావాసం దొరుకుతుంది. వెయ్యి లీటర్లు ఐదున్నర గంటల్లో అయిపోతాయి. రెండు కాలమ్‌లను వరసగా కలపండి. మొదటిది నిండాక తీసేసి, రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తదాన్ని వెనక పెట్టాలి. తొమ్మిది కిలోలు గ్రాముకు 2 మిల్లీగ్రాముల చొప్పున 18 గ్రాముల నికెల్ పడతాయి. రోజుకు 3 గ్రాముల లెక్కన ఆరు రోజులు. వారానికొక కాలమ్ అనుకోండి.

కాలమ్‌లోకి వెళ్లే నీళ్ల పీహెచ్ 6, 6.5 మధ్య ఉండాలి. 4 కన్నా తగ్గితే నీళ్లలోని హైడ్రోజన్ అయాన్లే ఆ జాగాలన్నీ ఆక్రమిస్తాయి, పట్టిన నికెల్ కూడా వదిలిపోతుంది. 8 దాటితే నికెల్ హైడ్రాక్సైడ్‌గా మారి పొట్టు మీద పూతలా పేరుకుంటుంది. ఇక్కడే చాలా షాపుల్లో పని చెడుతుంది. సున్నం వేసి పీహెచ్ 10 చేశాక మడ్డి పూర్తిగా దిగకముందే ఆపరేటర్ తొందరపడి యాసిడ్ పోస్తాడు. నీళ్లలో తేలుతున్న హైడ్రాక్సైడ్ కాస్తా కరిగి మళ్లీ నికెల్ అయి కూర్చుంటుంది. రెండు మూడు గంటలు దిగనిచ్చి, తేటను వేరే తొట్టిలోకి తీసి, ఇసుక ఫిల్టర్ దాటించాకే పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు. సున్నం పిడుగురాళ్ల నుంచి తెచ్చుకునేవాళ్లే మనదగ్గర ఎక్కువ. సరుకు మంచిదే, కానీ మూతి విప్పిన బస్తా వారాల తరబడి గాలికి ఉంటే కార్బోనేట్‌గా మారి చచ్చుబడుతుంది. ఎంత పోసినా పీహెచ్ 10కి ఎక్కదు, మడ్డి మాత్రం పెరుగుతుంది.

కాలమ్ నిండిందో లేదో రోజూ ల్యాబ్‌కు పంపి చూడలేరు. టెస్ట్‌ట్యూబులో ఐదు మిల్లీలీటర్ల బయటి నీళ్లు తీసుకుని, వాసన తెలిసేదాకా అమోనియా చుక్కలు వేసి, ఆల్కహాల్‌లో కలిపిన ఒక శాతం డైమిథైల్‌గ్లయాక్సిమ్ నాలుగు చుక్కలు వేయండి. కాలమ్‌లోకి పోయే నీళ్లతో ఇది చేస్తే గులాబీ ఎరుపు తేలుతుంది. మొదటి కాలమ్ నుంచి వచ్చే నీళ్లలో కూడా లేత గులాబీ ఛాయ కనబడితే దాని పని అయిపోయినట్టే. ట్యూబు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి, ట్యూబ్‌లైటు వెలుతురులో ఛాయ మోసం చేస్తుంది.

ఆదివారం సెలవైతే శనివారం సాయంత్రమే కాలమ్‌లోని నీళ్లను వంచేసి వెళ్లండి. మన ఎండలకు రెండు రోజులు కదలని నీళ్లలో నానిన పొట్టు కుళ్లి నల్లబడుతుంది. సోమవారం పొద్దున వచ్చే కుళ్లుగుడ్ల వాసన అదే.

ఇంకొక్క మాట. ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా రసాయనాలతోనే వేసే పూత) చేసే షాపులకు పై లెక్కలేవీ పనికిరావు. ఆ బాత్‌లో నికెల్‌ను సిట్రేట్ లాంటివి కౌగిలించుకుని ఉంటాయి. సున్నానికీ దొరకదు, పొట్టుకూ దొరకదు. ఆ నీళ్లను మామూలు నికెల్ నీళ్లతో అసలు కలపొద్దు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఊక బూడిదతో రాగి తీసివేత చేస్తున్నాను. లీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణంలో లీటరుకు 20 గ్రాముల బూడిద వేస్తే 98 శాతం పోయింది. మా గైడు గారు మాత్రం "ఇది అధిశోషణం (ఉపరితలానికి అంటుకోవడం) కాదు, మళ్లీ చెయ్యి" అంటున్నారు. (గుంటూరు)

జవాబు: మీ గైడు గారి మాట వినండి. రెండు గంటలు కలిపాక ద్రావణం పీహెచ్ ఎంతుందో చూశారా? మీ ఉత్తరంలో మొదటి పీహెచ్ 5 అని మాత్రమే ఉంది. ఊక కాలిస్తే దాని బరువులో ఐదోవంతు దాకా బూడిద వస్తుంది. అందులో అధికభాగం సిలికా అయినా పొటాషియం, కాల్షియం ఆక్సైడ్లు కూడా ఉంటాయి. అవి నీళ్లలో పడగానే పీహెచ్‌ను 9 దాకా తోసేస్తాయి. లీటరుకు 100 మిల్లీగ్రాముల రాగి పీహెచ్ 6 దాటేసరికే హైడ్రాక్సైడ్‌గా విడిపోవడం మొదలవుతుంది. మీ 98 శాతంలో ఎక్కువ భాగం బూడిద గొప్ప కాదు, బూడిదలోని క్షారం గొప్ప. చిటికెడు సున్నం వేసినా అదే జరిగేది.

బూడిదను వేడినీళ్లతో, తర్వాత పలచటి యాసిడ్‌తో, మళ్లీ నీళ్లతో పీహెచ్ నిలకడ అయ్యేదాకా కడగండి. ప్రతి సీసాలో పీహెచ్‌ను 5 దగ్గర నిలబెట్టండి, పావుగంటకోసారి చూసి సరిచేయండి. బూడిద వేయని సీసా ఒకటి పక్కన ఉండాలి. దాని పీహెచ్ కూడా మిగతా సీసాల చివరి పీహెచ్‌కే తెచ్చి, అదే ఫిల్టర్ కాగితంతో వడకట్టండి. అందులో తగ్గిన రాగి అంతా అవక్షేపం, ఫిల్టర్ కాగితం పీల్చుకున్నదీను. దాన్ని తీసేశాక మిగిలిందే బూడిద లెక్క.

శాతాలు చెప్పడం మానేసి గ్రాముకు ఎంత పట్టిందో రాయండి. (100 – 2) × 1 ÷ 20, అంటే గ్రాముకు 4.9 మిల్లీగ్రాములు. 98 శాతం అన్నప్పుడు ఉన్న ఊపు 4.9 అనగానే తగ్గిపోతుంది. డోసులు లీటరుకు 1, 2, 5, 10, 20 గ్రాములుగా ఐదు సీసాలు పెట్టండి. స్టాక్ ద్రావణానికి 3.93 గ్రాముల నీలి మైలుతుత్తం, ల్యాబ్ గ్రేడ్‌ది, లీటరు నీళ్లలో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల రాగి వస్తుంది. ఆఖరున ఒక సెట్ లీటరుకు 200 మిల్లీగ్రాముల కాల్షియం కలిపి చేయండి. మీ ప్రాజెక్టులో జనానికి పనికొచ్చే పేజీ అదే అవుతుంది.

సూడో సెకండ్ ఆర్డర్ (లోహం పట్టే వేగాన్ని చెప్పే ఒక సమీకరణం) గీత చక్కగా కుదిరింది కాబట్టి రసాయన బంధమే ఏర్పడిందని రాయకండి. సమతాస్థితికి దగ్గరలోని బిందువులు ఎక్కువగా తీసుకుంటే ఆ సమీకరణం దాదాపు దేనికైనా కుదురుతుంది. వందల థీసిస్‌లలో ఈ వాక్యం ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతూ వస్తోంది.

ప్రశ్న: హైడ్రాలిక్ రాడ్లకు హార్డ్ క్రోమ్ చేస్తాం. నల్లతుమ్మ బెరడు పొడి వేస్తే పసుపు రంగు పూర్తిగా పోయింది, ఆరు వేలెన్సీ క్రోమియం (దాని ఎక్కువ విషపు రూపం) సున్నా వచ్చింది. ఇక దాన్ని మూడు వేలెన్సీకి దించే మెటాబైసల్ఫైట్ కొననక్కర్లేదా? (గుంటూరు ఆటోనగర్)

జవాబు: మొత్తం క్రోమియం ఎంతొచ్చిందో కూడా చూడండి. క్రోమేట్ ఋణావేశం ఉన్న అయాన్. నికెల్, రాగిలా పీహెచ్ 6 దగ్గర పొట్టుకు అంటదు. పీహెచ్ 2 దగ్గర బెరడు ఉపరితలం ధనావేశం పొంది దాన్ని లాక్కుంటుంది, లాక్కున్నాక బెరడులోని టానిన్లు దాన్ని మూడు వేలెన్సీ క్రోమియంగా మారుస్తాయి. ఆ మూడు వేలెన్సీదాంట్లో కొంత బెరడు మీదే ఉంటుంది, కొంత తిరిగి నీళ్లలోకి వస్తుంది. దానికి పసుపు రంగు లేదు కాబట్టి పోయిందనుకుంటాం. కాలువలోకి వదిలే నీటిలో ఆరు వేలెన్సీ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము, మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండో అంకె మీద దొరికిపోతారు.

ఎలాగూ పీహెచ్‌ను 2కు దించాలి, తర్వాత సున్నంతో 8, 8.5కు ఎక్కించాలి. ఆ యాసిడ్, సున్నం ఖర్చు బెరడుతోనూ తప్పదు. మెటాబైసల్ఫైట్ లెక్క గ్రాము క్రోమియానికి 2.74 గ్రాములు, ఆచరణలో 3 నుంచి 4. పీహెచ్ 2, 2.5 మధ్య అరగంటలో నీళ్లు నారింజ పసుపు నుంచి ఆకుపచ్చకు మారతాయి. ముక్కు మండే వాయువు వస్తుంది, గాలి ఆడే చోట చేయండి. బెరడుతో అదే పనికి గంటలు పడుతుంది, టానిన్ రంగు అదనం. మీ షాపుకు మెటాబైసల్ఫైటే నయం.

ప్రశ్న: వన్ గ్రామ్ గోల్డ్ నగలకు కాపర్, సిల్వర్ బాత్‌లు వాడతాం, సైనైడ్ ఉంటుంది. ఆ కడుగు నీళ్లను పీహెచ్ 6కు తెచ్చి పొట్టులోంచి పంపొచ్చా? (విజయవాడ)

జవాబు: వద్దు. సైనైడ్ ఉన్న నీళ్లలో యాసిడ్ పడితే హైడ్రోజన్ సైనైడ్ వాయువు పుడుతుంది, ఆ గదిలో ఉన్నవాళ్లు నిమిషాల్లో చనిపోతారు. సైనైడ్ నీళ్ల పైపు, యాసిడ్ నీళ్ల పైపు ఎక్కడా కలవకూడదు, ఒకే డ్రైనేజీ గుంటలోకి కూడా రాకూడదు. ముందు పీహెచ్‌ను 10 పైన నిలిపి హైపోక్లోరైట్‌తో (బ్లీచింగ్ ద్రావణంతో) సైనైడ్‌ను విరగ్గొట్టాలి. ఆ మొదటి దశలో పీహెచ్ 10 కన్నా తగ్గితే సయనోజెన్ క్లోరైడ్ అనే మరో విషవాయువు వస్తుంది. పీహెచ్ మీటరు, శిక్షణ ఉన్న మనిషి లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. సైనైడ్ లేదని పరీక్షలో తేలాకే లోహం మాట. పైగా సైనైడ్‌తో ముడిపడి ఉన్న రాగి ఋణావేశంతో ఉంటుంది కాబట్టి పొట్టు దాన్ని పట్టనే పట్టదు.

ప్రశ్న: వాడేసిన పొట్టును ఇటుక బట్టీకి ఇస్తామంటే కొంటామంటున్నారు. లేదా యాసిడ్‌తో కడిగి మళ్లీ వాడుకోవచ్చా? (విజయవాడ)

జవాబు: బట్టీకి ఇవ్వకండి. సీసం, కాడ్మియం ఆ వేడికి ఆవిరై పొగతో పోతాయి. నికెల్ బూడిదలో మిగులుతుంది. క్రోమియమైతే మరీ ఘోరం, సున్నం లాంటి క్షారాల సమక్షంలో గాలి తగులుతూ కాలినప్పుడు మూడు వేలెన్సీది తిరిగి ఆరు వేలెన్సీ అయ్యే అవకాశం ఉంది. మీరు అంత కష్టపడి దించింది అక్కడ మళ్లీ లేస్తుంది. కంపోస్టులో, పశువుల కింద పరుపుగా వేయడం కూడా అంతే తప్పు.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దీన్ని మీ సున్నపు మడ్డితో సమానంగా చూడాలి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆథరైజేషన్, పైకప్పు ఉన్న గచ్చు నేల, లేబుల్ వేసిన డ్రమ్ములు, మామూలుగా 90 రోజులకు మించని నిల్వ. ఆ తర్వాత అనుమతి ఉన్న శుద్ధి, పాతిపెట్టే కేంద్రానికి. మన రాష్ట్రంలో విశాఖ దగ్గర పరవాడలో ఒకటుంది. రవాణా ఖర్చు బరువును బట్టి కాబట్టి, కారిన నీళ్లు తిరిగి మీ తొట్టిలోకే వచ్చేలా ట్రేలలో పోసి షెడ్డు కింద ఆరబెట్టండి. పాతిక ముప్పై కిలోల తడి పొట్టు మళ్లీ పది కిలోల లోపుకు వస్తుంది.

యాసిడ్ కడుగు సంగతి. 45 లీటర్ల కాలమ్‌కు దానికి మూడింతలు, 135 లీటర్ల పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కావాలి. లీటరు నీళ్లలోకి 9 మిల్లీలీటర్ల గాఢ యాసిడ్ లెక్కన లీటరుంపావు గాఢ యాసిడ్. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. 18 గ్రాముల నికెల్ 135 లీటర్లలోకి దిగితే లీటరుకు 130 మిల్లీగ్రాములు, అంటే మీ మొదటి కడుగు నీళ్లలాంటివే మళ్లీ తయారవుతాయి, మళ్లీ సున్నం. తర్వాత కాస్టిక్‌తో మళ్లీ శుద్ధి. ప్రతి విడతకూ పట్టు తగ్గుతుంది. తొమ్మిది కిలోల పొట్టు మిగుల్చుకోవడానికి ఇంత తతంగం మీ స్థాయి షాపుకు దండగ. ఖరీదైన రెసిన్ (లోహాలను పట్టే కృత్రిమ గుళికలు) వాడేవాళ్లకు మాత్రం రీజనరేషన్ (ఇలా కడిగి మళ్లీ వాడుకోవడం) తప్పదు.

ప్రశ్న: గుంటూరులో మిరప తొడిమలు, పొగాకు కాడలు, పత్తికట్టె కావలసినంత. లంకల్లో అరటి బోదెలు వృథాగా పోతాయి. వీటిలో ఏది మేలు? (గుంటూరు)

జవాబు: పొగాకు కాడలు వద్దే వద్దు. నికోటిన్, ముదురు రంగు నీళ్లలోకి దిగుతాయి. మిరప తొడిమలు పట్టవని కాదు, వాటిని ఆడించే మనిషి కళ్లూ ముక్కూ ఏమవుతాయో మిర్చి యార్డు పక్కన ఉండే మీకు చెప్పనక్కర్లేదు. అరటి బోదె, తొక్కల్లో పెక్టిన్ ఎక్కువ కనుక పట్టు బాగుంటుంది, కానీ కాలమ్‌లో నానితే జావలా అయిపోతాయి. తొట్టిలో కలిపి వడకట్టే పద్ధతికే పనికొస్తాయి. పత్తికట్టె గట్టిది, ఆడించడానికి కరెంటు తింటుంది, ఆ తర్వాత మాత్రం కాలమ్‌లో నిలబడుతుంది. కొబ్బరి పీచు పొడి నీళ్లు బాగా తాగి పైపును బిగించేస్తుంది, అందులోని ఉప్పు కడిగాకే వాడాలి.

మా ఓటు వేరుశనగ పొట్టుకే. దాని అంకె అన్నింటికన్నా పెద్దదని కాదు. ఏడాది పొడుగునా ఒకే రకంగా దొరుకుతుంది, రేణువు ఆకారం నిలుస్తుంది, నీళ్లను ఆపదు. ఏ పొట్టయినా లోహాల్లో దాని ఇష్టాయిష్టాలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి: ముందు సీసం, తర్వాత రాగి, ఆ తర్వాత జింక్, కాడ్మియం, అందరికన్నా వెనక నికెల్. బ్యాటరీ రిపేరు షాపుల సీసం నీళ్లకు పైన చెప్పిన కాలమ్ ఇంకా బాగా పనిచేస్తుంది. సీసం పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రామే కాబట్టి అక్కడ దాని అవసరం కూడా ఎక్కువే.

ప్రశ్న: మునగ గింజల పొడితో బోరు నీళ్లలోని లోహాలు పోతాయా? (తెనాలి)

జవాబు: మునగ గింజలోని ప్రొటీన్‌కు ధనావేశం ఉంటుంది. అది బురద రేణువులను గుత్తులుగా కట్టి కిందికి దించుతుంది. వరదల్లో కృష్ణ నీళ్లలాంటి వాటికి లీటరుకు 50 నుంచి 150 మిల్లీగ్రాముల పొడి చాలు. బురదకు అంటుకున్న లోహం బురదతో దిగుతుంది. తేటగా ఉన్న బోరు నీళ్లలో కరిగి ఉన్న లోహానికి దాన్ని నమ్ముకోవద్దు. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01, నికెల్ 0.02 మిల్లీగ్రాములే మన ప్రమాణం. ఆ స్థాయిని ఇంట్లో పొడి కలిపి సాధించలేరు, కొలవనూ లేరు. పైగా పొడిలోని సేంద్రియ పదార్థం వల్ల నీళ్లు ఒకటి రెండు రోజుల్లో వాసన కొడతాయి. ముందు పరీక్ష చేయించండి.

ప్రశ్న: కాలువల్లో తీసిపడేసే గుర్రపుడెక్కను కంపోస్టు చేసుకోవచ్చా? అది లోహాలు పీలుస్తుందని రాశారుగా. (విజయవాడ శివారు)

జవాబు: ఎక్కడ పెరిగిందన్నదాన్ని బట్టి. సాగునీటి కాలువలో పెరిగినదైతే ఇబ్బంది లేదు. ఫ్యాక్టరీల డ్రెయిన్‌లో పెరిగినదైతే లోహం ఎక్కువగా వేళ్లలో ఉంటుంది. అలాంటిది కంపోస్టు చేస్తే కుళ్లి బరువు తగ్గినకొద్దీ లోహం చిక్కబడుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో కిలోకు సీసం 100, నికెల్ 50, క్రోమియం 50, కాడ్మియం 5 మిల్లీగ్రాములకు మించకూడదు. అనుమానం ఉంటే వేళ్లు కోసి పరీక్షకివ్వండి, ఆకులు మాత్రమే ఇస్తే తక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: ల్యాబ్‌కు శాంపిల్ తీసుకెళ్లేటప్పుడు ఏం జాగ్రత్తలు? ఒకే నీళ్లకు రెండు ల్యాబ్‌లు రెండు రకాలుగా ఇచ్చాయి. (కొండపల్లి)

జవాబు: సీసాను ముందు పలచటి నైట్రిక్ యాసిడ్‌తో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. గాజు వద్దు, పాలిథిన్ సీసా. కరిగి ఉన్న లోహం కావాలా, మొత్తం లోహం కావాలా ముందే తేల్చుకుని రెండు ల్యాబ్‌లకూ అదే చెప్పండి. చాలా తేడాలు ఇక్కడే వస్తాయి, ఒకరు వడకట్టి చూస్తారు, ఇంకొకరు మడ్డితో సహా కరిగించి చూస్తారు. లోహాల సీసాలో పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా నైట్రిక్ యాసిడ్ వేయండి, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని తక్కువ చూపిస్తుంది. సైనైడ్ ఉన్న నీళ్లకు ఈ యాసిడ్ మాట వర్తించదు. ఆరు వేలెన్సీ క్రోమియానికి వేరే సీసా పెట్టి, యాసిడ్ వేయకుండా, ఐస్ డబ్బాలో 24 గంటల్లోపు చేర్చండి.